దయ్యం కార్లు

కెనడా దేశంలో పొద్దుగూకిన తరవాత రోడ్లమీద దయ్యం కార్లు తిరుగుతూంటాయి. ఇది పొద్దుపోక చెప్పే కట్టుకథ కాదు. ఆ దేశపు రవాణా శాఖే వాటికి ఆ పేరు వాడింది. అంతేకాదు, వాటి బెడద వదిలించటానికి ఒక నిబంధన తయారుచేసి, 2021 సెప్టెంబరు నుంచి అమలు జరుపుతున్నది.

ఈ దయ్యాలకు ఒక విచిత్రమైన లక్షణం ఉన్నది. ఎదురుగా వచ్చేటప్పుడు అవి మామూలు కార్లలాగే కనబడతాయి. ముందువైపున రెండు దీపాలు తెల్లగా వెలుగుతూంటాయి. కాని మనను దాటి ముందుకు పోయాయంటే, ఇక చీకటిలో కలిసిపోయినట్టే! వాటి వెనక ఉండే ఎర్రదీపాలు వెలగవు. వెనక నుంచి వేగంగా వచ్చే లారీ డ్రైవరుకు తన ముందు ఒక కారున్న సంగతే తెలియదు. తెలిసి బ్రేకు వేసేసరికి ఆలస్యమైపోవచ్చు.

ఇందులో వింత ఏమంటే, ఆ కారు నడిపే మనిషి దీపాలు వేయకుండా పోయే పెంకివాడేమీ కాడు. తన దీపాలన్నీ వెలుగుతున్నాయనే అతను నమ్ముతూంటాడు. అతన్ని అలా నమ్మించినది అతని కారే! మనిషి శ్రమ తగ్గించటానికీ, ప్రాణం కాపాడటానికీ చేసిన ఏర్పాటు ఇలా ఎందుకు ఎదురు తిరిగింది? ఇది తెలియాలంటే, కారుకు కన్ను ఎలా వచ్చిందో ముందు తెలుసుకోవాలి.

1873లో విల్లోబీ స్మిత్ అనే ఇంగ్లీషు ఇంజనీరు, సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫు తీగలను పరీక్షించే పనిలో సెలీనియం కడ్డీలు వాడాడు. ఆ కడ్డీలు ఒక పద్ధతిగా పనిచేసేవి కావు. ఒకప్పుడు వాటిగుండా విద్యుత్తు ఎక్కువగా పోయేది, ఒకప్పుడు తక్కువగా పోయేది. కారణం ఏమిటా అని చూస్తే, అదంతా వెలుతురు చేసే పని అని తేలింది. కడ్డీమీద వెలుతురు పడితే విద్యుత్తు సులువుగా పోతుంది; చీకటి చేస్తే పోవటం కష్టమవుతుంది. అంటే, వెలుతురును కనిపెట్టగల వస్తువు ఒకటి మనిషి చేతికి చిక్కిందన్నమాట.

అమెరికాలో 1952లో జనరల్ మోటార్స్ కంపెనీ తన కాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్ కార్లకు ‘ఆట్రానిక్ ఐ’ అనే కన్ను అమర్చింది. అది కారు లోపల, డ్రైవరు ముందు, అద్దం వెనకనుంచి రోడ్డుకేసి చూస్తూ ఉండేది. ఎదురుగా మరొక కారు వస్తే, దాని దీపాల వెలుతురు ఈ కంటిలో పడగానే, మన కారు పెద్ద దీపాలు తమంతట తామే కిందికి దిగేవి. ఎదుటివాడి కళ్ళు మిరుమిట్లు గొలపకుండా ఉండేవి. ఆలోచన చాలా మంచిదే. కాని ఆ కంటికి కారు దీపమేదో, వీధి దీపమేదో తేడా తెలియదు! వీధి దీపాన్ని చూసినా అది వంగి దణ్ణం పెట్టేది.

1964లో కాడిలాక్ కార్లకే మరొక కన్ను వచ్చింది. దాని పని ఇంకొకటి: చీకటి పడగానే దీపాలు వెలిగించటం, తెల్లవారగానే ఆర్పటం. ఈనాడు చాలా కార్లలో ఉండే కన్ను ఈ జాతిదే. ఇప్పుడది సెలీనియంతో కాక సిలికాన్‌తో తయారవుతుంది. ముందు అద్దం దగ్గరో, నడిమి అద్దం వెనకో, చిక్కుడు గింజంత ఉండి ఆకాశం కేసి చూస్తూంటుంది.

ఆ కంటికి చీకటి అంటే ఏమిటో ఎవరో చెప్పాలి గదా! మనిషికి చెప్పినట్టు “కాస్త మసక పడగానే” అంటే దానికి అర్థం కాదు. దానికి అంకె కావాలి. వెలుతురును కొలిచే కొలత పేరు లక్సు. ఒక కొవ్వొత్తికి ఒక మీటరు దూరాన ఉండే వెలుతురు సుమారు 1 లక్సు. పున్నమి వెన్నెల అందులో నాలుగో వంతు కూడా ఒక్కొక్కప్పుడు ఉండదు. తరగతి గదిలో 300 నుంచి 500 దాకా ఉంటే చదువుకోవటానికి బాగుంటుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది.

ఇప్పుడు, వెలుతురు 1,000 లక్సులకు తగ్గితే దీపాలు వెలగాలనీ, 1,000 దాటితే ఆరాలనీ కారుకు చెప్పామనుకోండి. ఏమవుతుంది? సాయంకాలం ఒక మబ్బు అడ్డం వస్తుంది, 990; దీపాలు వెలుగుతాయి. మబ్బు తొలగుతుంది, 1,010, దీపాలు ఆరతాయి. చెట్లవరస కింద పోతూంటే ఇక చెప్పనక్కర లేదు, దీపాలు కన్ను గీటుతూనే ఉంటాయి. ఎదుటివాడు తనకేదో సైగ చేస్తున్నారనుకుంటాడు.

అందుచేత ఒక హద్దు చాలదు, రెండు కావాలి. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యాన అనేక దేశాలు కలిసి పెట్టుకున్న వాహన నిబంధనల్లో 48వది ఈ దీపాలను గురించినది. దాని ప్రకారం వెలుతురు 1,000 లక్సులకు తగ్గితే దీపాలు వెలగాలి. 7,000 దాటితేగాని ఆరి తీరాలని లేదు. ఈ రెండింటి నడుమ ఏం చెయ్యాలో కారు తయారుచేసేవారి ఇష్టం. అంతేకాదు, వెలగవలసి వచ్చినప్పుడు 2 సెకండ్లకు మించి ఆలస్యం కాకూడదు. ఆరవలసి వచ్చినప్పుడు మటుకు 5 సెకండ్లకు పైగా ఆగాలి, 300 సెకండ్లకు మించి ఆగకూడదు.

వెలగటానికి అంత తొందర, ఆరటానికి ఇంత నిదానం ఎందుకు? కాస్త ఆలోచిస్తే మీకే తెలుస్తుంది. సొరంగంలోకి పోయే కారుకు వెంటనే దీపాలు కావాలి. దాటి బయటికి వచ్చాక దీపాలు కాసేపు వెలుగుతూ ఉంటే వచ్చే నష్టమేమీ లేదు. పైగా ముందు ఇంకొక సొరంగం ఉండవచ్చు. దీపం పొరపాటున వెలిగితే కాస్త విద్యుత్తు పోతుంది. పొరపాటున ఆరిపోతే ప్రాణమే పోవచ్చు.

ఇంత ఆలోచించి చేసినా, దీన్ని వాడేవారు విసుక్కోవటం మానలేదు. “ఇంకా ఇంత వెలుతురుండగా దీపాలెందుకు వెలిగాయి?” అని కొందరి ఫిర్యాదు. ఇది చాలావరకు మన కంటి మాయ. ఎండలోనుంచి ఇంట్లోకి వస్తే వెలుతురు కొన్ని వందల రెట్లు తగ్గిపోతుంది. అయినా రెండు నిమిషాల్లో మన కన్ను సర్దుకుంటుంది, ఇల్లు చీకటిగా ఉన్నదని మనకు తోచదు. కారు కంటికి ఈ సర్దుకునే గుణం లేదు. అది అంకెను చూసి నిజం చెబుతుంది, మనకది అబద్ధంలాగా ఉంటుంది.

రెండో ఫిర్యాదు మటుకు నిజమైనదే. “పొగమంచులో దీపాలెందుకు వెలగలేదు?” అన్నది అది. చలికాలం లంబసింగి వంటి చోట తెల్లవారి చూడండి. పొగమంచు పాలసముద్రంలాగా కమ్ముకుని ఉంటుంది. నాలుగు బారల అవతల మనిషి కనిపించడు. కాని చీకటిగా ఉండదు! సూర్యుడి వెలుతురు మంచు బిందువులమీద పడి నాలుగువైపులకూ చెదిరి, అంతా తెల్లగా ఉంటుంది. కారు కన్ను ఆ తెల్లదనం చూసి, “ఇదేమిటి, పట్టపగలు! దీపాలతో పని లేదు,” అనుకుంటుంది. ఆ కన్ను కొలిచేది వెలుతురును. మనకు కావలసినది అవతలి వస్తువు కనిపించటం. ఈ రెండూ ఒకటి కావు. ఇంగ్లండులో డ్రైవర్లకు చెప్పే నియమం లక్సుల ఊసు ఎత్తదు. 100 మీటర్ల అవతల చూడలేకపోతే దీపాలు వేయమంటుంది. ఆ పని ఇప్పటికీ మనిషి చేతిలోనే ఉన్నది.

ఇక దయ్యాల సంగతికి వద్దాం.

ఉత్తర దేశాల్లో చలికాలం సూర్యుడు ఎక్కువ పైకి రాడు. పగలంతా సాయంకాలంలాగే ఉంటుంది. బూడిదరంగు రోడ్డుమీద బూడిదరంగు కారు వస్తే చూపు ఆనదు. అందుచేత పగలు కూడా దీపాలు వేసుకోవాలని ముందుగా ఫిన్లాండు ఆలోచించింది. 1972లో చలికాలం పూట, ఊళ్ళ వెలుపలి రోడ్లమీద అలా చేయాలన్నారు. 1977లో స్వీడన్ ఏడాది పొడుగునా దీపాలుండాలన్నది. 1990 నాటినుంచి కెనడాలో వచ్చే కొత్త కార్లన్నిటికీ పగటి దీపాలు తప్పనిసరి అయాయి. ఐరోపాలో కొత్త రకం కార్లకు 2011 నుంచి ఇదే ఏర్పాటు.

పగటి దీపం దారి చూపించటానికి కాదు, తాను కనిపించటానికి. ఎదుటివాడు దూరంనుంచే చూడటానికి ముందు దీపాలు చాలు గదా అని, చాలా కార్లలో వెనక దీపాలను వాటితో కలపలేదు. వెనక దీపాలు వెలగాలంటే డ్రైవరు పెద్ద దీపాల స్విచ్చి వేసి తీరాలి.

మొదట్లో దీనివల్ల ఇబ్బంది కలగలేదు. ఎందుకంటే ఆనాటి కార్లలో స్విచ్చి వేస్తేనే డ్రైవరు ముందుండే వేగం అంకెలు కూడా వెలిగేవి. పొద్దుగూకగానే ఆ అంకెలు కనపడేవి కావు. “ఓహో, దీపాలు వేయలేదు,” అని వెంటనే స్ఫురించేది. ఆ చీకటే డ్రైవరుకు హెచ్చరిక. అయితే రానురాను కార్లు సోకు నేర్చాయి. కారు కదిలితే చాలు, వేగం అంకెలు రంగురంగులుగా వెలిగిపోసాగాయి. ఇప్పుడు డ్రైవరు సాయంకాలం బయలుదేరతాడు. ముందు రోడ్డుమీద కాస్త వెలుగు పడుతున్నది. అది పగటి దీపాలది. ఎదుట అంకెలు తళతళలాడుతున్నాయి. అన్నీ సరిగా ఉన్నట్టే! తన వెనక చీకటి ఉన్నదని అతనికి చెప్పేవారెవరు? చూశారా, పాత హెచ్చరిక పోయింది, దాని స్థానంలో కొత్తది రాలేదు. దయ్యం పుట్టినది అక్కడ.

కెనడా ప్రభుత్వం కొత్త కార్లు చేసేవారికి మూడు దార్లు చూపి, ఏదో ఒకటి ఎంచుకోమన్నది. ముందు దీపాలతోపాటు వెనక దీపాలు కూడా వెలగాలి. లేదా, చీకటి పడగానే అన్ని దీపాలూ తమంతట తామే వెలగాలి. ఈ రెండూ కాకపోతే, దీపాలు వేసేదాకా డ్రైవరు ముందుండే పలకను చీకటిగా ఉంచాలి. ఈ మూడోది చూడండి, పాత హెచ్చరికే తిరిగి వచ్చింది! అయితే ఈ నియమం కొత్త కార్లకే గనక, పాత దయ్యాలు కొన్ని ఇంకా తిరుగుతూనే ఉంటాయి.

మన దేశంలో కూడా ఇటువంటి ఏర్పాటు ఒకటి ఉన్నది. 2017 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త మోటారుసైకిళ్ళకూ స్కూటర్లకూ, ఇంజను నడుస్తున్నంతసేపూ ముందు దీపం వెలుగుతూనే ఉంటుంది. ఆర్పటానికి స్విచ్చి లేదు. కొత్తలో దీన్ని చూసి అందరూ కంగారుపడ్డారు. ఎదురుగా వచ్చే ప్రతివాడూ వేళ్ళు ముడిచి తెరిచి, “బాబూ, లైటు వెలుగుతున్నది!” అని సైగ చేసేవాడు. అది మంచి మనసే. బండివాడు పాపం, “నేనేం చేసేది, ఇది ఆరదు,” అని నడిరోడ్డుమీద ఎంతమందికి చెప్పగలడు? క్రమంగా జనానికి సంగతి అర్థమయింది, సైగలు తగ్గాయి. దారి దాటే మనిషికి బండి దూరంనుంచే కనిపించాలన్నదే ఆ దీపం ఉద్దేశం.

యంత్రానికి ఒక పని అప్పజెపితే మనకు శ్రమ తగ్గుతుంది. కాని ఆ యంత్రం ఎంతవరకు చూస్తుందో, ఎక్కడ చూడలేదో తెలుసుకునే శ్రమ మటుకు తగ్గదు. కారు కంటికి చీకటి తెలుసు, పొగమంచు తెలియదు. పగటి దీపానికి ముందు తెలుసు, వెనక తెలియదు.

మీ ఇంట్లోగాని, మీ బంధువుల ఇంట్లోగాని కారుంటే, ఒక సాయంకాలం ఈ పరీక్ష చేయించండి. కారును గోడకు వెన్ను చేసి నిలిపి, కదలకుండా ఇంజను మాత్రం నడపమనండి. మీరు పెద్దవాళ్ళతో కలిసి ఒక పక్కగా, దూరంగా నిలబడి ఆ గోడను చూడండి. గోడమీద ఎర్రని వెలుగు పడిందా, సరే! పడకపోతే, డ్రైవరు ముందు అంకెలు వెలుగుతున్నాయో లేదో అడగండి. అవి వెలుగుతూంటే, స్విచ్చి సంగతి ఆయనకు వెంటనే చెప్పండి.

పోతే, మీరు ఆలోచించటానికి ఒక ప్రశ్న: వీధి దీపాలకు కూడా ఇటువంటి కన్ను ఉంటుంది. దాన్ని చాలాచోట్ల దీపం నెత్తిన, ఆకాశం కేసి చూసేటట్టు పెడతారు. దీపం కింద, వెలుగు పడేచోట పెడితే ఏం జరుగుతుంది?