చీనాబ్ వంతెన: కొండలు మోసే కమాను

ఒక అట్టముక్కను కమానువలె వంచి, బల్లమీద రెండు పలుచని పుస్తకాల మధ్య నిలబెట్టండి. దాని నడినెత్తిన వ్రేలితో నొక్కితే పుస్తకాలు ప్రక్కలకు జరిగి, కమాను చదునవుతుంది. పుస్తకాల వెనుక రెండేసి ఇటుకలు పెట్టి మరల నొక్కండి. ఈసారి కమాను నిలుస్తుంది. అనగా కమాను తనపై పడిన బరువును క్రిందికే కాక ప్రక్కలకు కూడా తోస్తుంది. ఆ తోపుడును ఓర్చే ఆధారము లేనిదే కమాను నిలువదు.

జమ్మూ-కాశ్మీరులోని రియాసీ జిల్లాలో చీనాబ్ నదిపై నిర్మించిన రైలు వంతెనకు ఈ సూత్రమే మూలము. దాని పొడవు 1,315 మీటర్లు. నదీగర్భమునుండి ఎత్తు 359 మీటర్లు. అంత లోతైన లోయ నడుమ స్తంభాలు లేపుటకు వీలులేదు. కావున 467 మీటర్ల ఉక్కు కమానును ఒక ఒడ్డునుండి మరియొక ఒడ్డుకు వేశారు. ఇచట ఇటుకల పని చేయవలసినవి ఇరుప్రక్కల కొండలే.

కాని ఆ కొండలు ఏకశిలలు కావు. అచటి డోలమైటు జాతి సున్నపురాయి నిండా పగుళ్లున్నవి. పైగా అది భూకంపాల ప్రాంతము. పగుళ్లవెంట బండలు జారితే ఎంత గట్టి ఉక్కయినా వ్యర్థమే. అందుచేత రాతిలోనికి పొడవైన ఉక్కు కడ్డీలను దింపి, చుట్టూ సిమెంటు పాలు ఎక్కించి, విడివడిన బండలను లోపలి రాతితో బిగించారు. లోపలి రాయి ఎట్టిదో త్రవ్వినగాని పూర్తిగా తెలియదు. కనుక త్రవ్వినకొద్దీ లెక్కలు మార్చుకొంటూ పోయారు. ఈ కొండవాలుల పరిశీలనలో ఏండ్ల తరబడి పాల్గొన్నవారిలో బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థ ఆచార్యులు, ప్రకాశం జిల్లాలో జన్మించిన జి. మాధవీలత ఒకరు.

కమానును క్రిందినుండి పరంజా కట్టి నిలుపుట సాధ్యము కాలేదు. లోయపై అడ్డముగా కట్టిన ఉక్కు త్రాళ్లమీద క్రేనులు నడిపి, రెండు ఒడ్డులనుండి ముక్క వెంట ముక్క అతుకుతూ వచ్చారు. రెండు సగములు కలియనంతవరకు అది కమాను కాదు. కాబట్టి వాటిని వెనుకనుండి త్రాళ్లతో లాగి పట్టవలసి వచ్చినది. 2021 ఏప్రిల్ 5న నడిమి ముక్క అమరినది. నాటినుండి బరువు కొండలకు చేరినది.

గంటకు 266 కిలోమీటర్ల వేగముగల గాలికి తట్టుకొనునట్లు దీనిని రూపొందించారు. 2025 జూన్ 6న వంతెన ప్రారంభమైనది. మంచుకు, కొండచరియలకు రహదారి మూతపడినప్పుడల్లా ఒంటరిగా మిగిలే కాశ్మీరు లోయకు దేశమునుండి రైలుమార్గము ఏర్పడినది.