చచ్చుబడిన చెయ్యే కదా అని లాగవద్దు
పక్షవాత బాధితుల పునరావాసంలో నొప్పి నివారణే తొలి మెట్టు

పక్షవాతం సోకి ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిన వ్యక్తిని మంచం మీద నుంచి లేపేందుకు ఇద్దరు బంధువులు చెరోవైపు చంకలో చెయ్యి వేసి పైకి లాగడం అనేక ఇళ్లలో కనిపించే దృశ్యమే. సాయం చేయాలన్న ఆదుర్దాతో చేసే ఈ పనే రోగిని నెలల తరబడి భుజం నొప్పి పాలు చేసే ప్రమాదం ఉంది. నొప్పికి భయపడి రోగి వ్యాయామానికి ముందుకు రాడు. వ్యాయామం లేక చెయ్యి బిగుసుకుపోతుంది. బిగుసుకున్న కొద్దీ నొప్పి పెరుగుతుంది. ఈ విషవలయాన్ని ఆరంభంలోనే తెంచడం నేటి పునరావాస వైద్యంలో ఒక ముఖ్య లక్ష్యం. పోయిన శక్తిని తిరిగి తెచ్చుకునే ప్రయత్నం, నొప్పిని తగ్గించే చికిత్స వేర్వేరు కావని, రెండూ కలిసి సాగితేనే ఫలితం ఉంటుందని వైద్య నిపుణులు చెబుతున్నారు.

నొప్పికి మూలం ఎక్కడ?

మెదడులోని రక్తనాళం పూడుకుపోయినా, చిట్లినా పక్షవాతం వస్తుంది. దెబ్బ తగిలింది మెదడుకైనా బాధ భుజంలో కనిపించడానికి కారణాలున్నాయి. భుజం కీలులో ఎముక గుండు పెద్దది, అది ఇమిడే గిన్నె లోతు తక్కువ. చుట్టూ ఉన్న కండరాలే దానిని పట్టి ఉంచుతాయి. పక్షవాతం వచ్చిన తొలి వారాలలో ఆ కండరాలు వదులైపోతాయి. వేలాడే చెయ్యి బరువుకే కీలు కొంత కిందికి జారుతుంది. ఆ స్థితిలో చేతిని పట్టి లాగితే చుట్టూ ఉన్న కండరాలు, స్నాయువులు దెబ్బతింటాయి.

కొన్ని వారాల తరువాత పరిస్థితి తలకిందులవుతుంది. వదులుగా ఉన్న కండరాలు బిర్రబిగుసుకుంటాయి. మోచెయ్యి ముడుచుకుని, పిడికిలి మూసుకుపోతుంది. కొందరిలో అరచెయ్యి వాచి, ముట్టుకుంటేనే భరించలేని బాధ కలుగుతుంది. మరికొందరిలో స్పర్శను గ్రహించే మెదడు భాగమే దెబ్బతిని, శరీరం సగభాగంలో మంటలు, పోట్లు వస్తాయి. ఈ రకాలన్నింటికీ చికిత్స ఒకటి కాదు. అందువల్ల నొప్పి ఏ రకమైనదో తేల్చుకోకుండా మందుల దుకాణంలో మాత్రలు కొని వాడడం ప్రయోజనం లేని పని.

ఇంట్లో పాటించవలసినవి

రోగిని లేపేటప్పుడు చేతిని గాని, చంకను గాని పట్టకూడదు. నడుము వద్ద, భుజం వెనుక రెక్క ఎముక వద్ద ఆధారమిచ్చి లేపాలి. కూర్చున్నప్పుడు చెయ్యి వేలాడకుండా ఒడిలో దిండుపై గాని, బల్లపై గాని ఉంచాలి. కుంగిపోయే నులక మంచం కంటే గట్టి పరుపున్న మంచం మేలు. పక్షవాతం సోకిన వైపు తిరిగి పడుకోవడం తప్పు కాదు. అయితే భుజం ఒంటి కింద నలగకుండా కాస్త ముందుకు జరిపి పడుకోబెట్టాలి. చొక్కా, జాకెట్టు తొడిగేటప్పుడు ముందుగా బలహీనమైన చేతికి, విప్పేటప్పుడు చివరగా ఆ చేతికి అన్నది గుర్తుంచుకోవలసిన సూత్రం. మెడకు వేసే పట్టీ నిలబడినప్పుడు, నడిచేటప్పుడు ఉపయోగపడుతుంది. రోజంతా దానిలోనే ఉంచితే చెయ్యి ముడుచుకుపోతుంది.

దూలానికి కప్పీ కట్టి, తాడుతో చేతిని పైకి లాగే వ్యాయామం చాలా ఇళ్లలో చేయిస్తుంటారు. పక్షవాత రోగుల భుజానికి ఇది హాని చేస్తుందని పరిశోధనల్లో తేలింది. ఇసుక మూట, వేడినీటి సంచితో కాపడం పెట్టేవారు మరొక విషయం గమనించాలి. చాలామంది రోగులకు ఆ వైపు స్పర్శ తెలియదు. చర్మం కాలి బొబ్బలెక్కినా వారు చెప్పలేరు. తైలంతో మృదువుగా రాయడం హాయినివ్వవచ్చు గాని, బలంగా తోమి, కీళ్లు విరిచే మర్దన మేలు కంటే కీడే చేస్తుంది.

మందులు, సూదులు

మామూలు నొప్పి మాత్రల విషయంలో జాగ్రత్త అవసరం. పక్షవాతం వచ్చినవారిలో చాలామందికి రక్తపోటు, మధుమేహం ఉంటాయి. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ వంటి మందులూ వాడుతుంటారు. వాటికి తోడు నొప్పి మాత్రలు దీర్ఘకాలం మింగితే మూత్రపిండాలు దెబ్బతినే, కడుపులో రక్తస్రావమయ్యే ముప్పు ఉంది. మెదడు నుంచి పుట్టే మంటలకు ఈ మాత్రలు పెద్దగా పనిచేయవు. వాటికి ఎమిట్రిప్టిలిన్ వంటి నరాల సంబంధ మందులను వైద్యులు తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. కండరాల బిగువుకు బాక్లోఫెన్ వంటి మాత్రలు, ఒకే చోట బిగువు ఎక్కువైతే బొటులినం సూదిమందు ఇస్తారు. ఈ సూది ప్రభావం సుమారు మూడు నెలలుంటుంది. కండరం సడలిన ఆ వ్యవధిలో వ్యాయామం చేయిస్తేనే పెట్టిన ఖర్చుకు ఫలం దక్కుతుంది.

మెదడుకు కొత్త పాఠం

చనిపోయిన మెదడు కణాలు తిరిగి బతకవు. అయితే మిగిలిన భాగాలు అభ్యాసంతో కొత్త మార్గాలు ఏర్పరచుకుని ఆ పనిని కొంతవరకు అందుకోగలవు. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టౌబ్ రూపొందించిన విధానంలో బాగున్న చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేతితోనే పనులు చేయిస్తారు. 222 మంది రోగులపై జరిపి 2006లో ప్రచురించిన ఎక్సైట్ అధ్యయనం ఈ పద్ధతికి బలం చేకూర్చింది. వేళ్లు, మణికట్టు కొంతైనా కదిలేవారికే ఇది తగినది. భారత సంతతి నాడీ శాస్త్రవేత్త వి.ఎస్.రామచంద్రన్ 1990లలో, తెగిపోయిన చేతిలో నొప్పి అనుభవించే వారి కోసం అద్దం చికిత్సను ప్రవేశపెట్టారు. అద్దంలో మంచి చేతి కదలికను చూస్తూ, అది బలహీనమైన చెయ్యేనని మెదడు భావించేలా చేయడం ఇందులోని కీలకం. ఖరీదైన యంత్రం అవసరం లేని ఈ చికిత్సను ఇప్పుడు పక్షవాత రోగులకూ వాడుతున్నారు. మెడలోని నరాన్ని విద్యుత్తుతో ప్రేరేపించే పరికరానికి 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతినిచ్చింది.

ఎప్పుడు, ఎంత?

కోలుకోవడం తొలి మూడు నెలల్లో వేగంగా సాగుతుంది. ఆ విలువైన కాలాన్ని పసరు మందుల కోసం తిరుగుతూ పోగొట్టుకుంటే తరువాత ఎంత ఖర్చు చేసినా పూడ్చుకోవడం కష్టం. అలాగని తొందరపాటూ తగదు. అయిదు దేశాల్లో 2,104 మందిపై జరిపి 2015లో వెలువరించిన అవెర్ట్ అధ్యయనంలో, 24 గంటల లోపే లేపి ఎక్కువసేపు శ్రమ పెట్టినవారి ఫలితాలు సాధారణ చికిత్స పొందినవారి కంటే తగ్గాయి. అందుకే మొదట్లో కొద్దిసేపు చొప్పున పలుమార్లు చేయించడం మేలు. మూడు నెలలు దాటితే ఆశ వదులుకోనవసరం లేదు. అభ్యాసంతో మెరుగుదల ఆ తరువాతా సాధ్యమే.

కుటుంబం తోడుండాలి, నిపుణులూ ఉండాలి

కుటుంబ సభ్యులకే శిక్షణనిచ్చి పునరావాసం సాగించవచ్చా అన్నది మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందిపై పరిశీలించారు. 2017లో వెలువడిన ఆ అటెండ్ అధ్యయనంలో మామూలు సేవలతో పోలిస్తే అదనపు ప్రయోజనం కనిపించలేదు. ఇంటివారి శ్రద్ధ అవసరమే గాని, శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు స్థానాన్ని అది భర్తీ చేయలేదని దీనివల్ల అర్థమవుతోంది. వచ్చే వ్యక్తికి బీపీటీ పట్టా ఉందో లేదో అడిగి తెలుసుకోవడంలో మొహమాటం వద్దు.

2010లో ఆరంభమైన వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం జిల్లా ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ సేవలుండాలని నిర్దేశించింది. హైదరాబాద్‌లోని నిమ్స్, తిరుపతిలోని స్విమ్స్‌లలో నరాల వైద్యంతో పాటు ఈ విభాగాలూ ఉన్నాయి. వైకల్యం 40 శాతం, అంతకు మించి మిగిలిపోతే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద ధ్రువపత్రం పొందవచ్చు.

పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడో వంతు మంది దిగులుకు లోనవుతారు. దిగులు నొప్పిని పెంచుతుంది, వ్యాయామంపై ఆసక్తిని చంపుతుంది. రోగి మౌనంగా ఉంటున్నాడంటే నొప్పి లేదని భావించరాదు. మాట పడిపోయినవారి బాధను ముఖ కవళికలను బట్టే గ్రహించాలి. వైద్యుని వద్దకు వెళ్లిన ప్రతిసారీ రక్తపోటు ఎంతని అడిగినట్లే, భుజం నొప్పి సంగతీ తప్పక ప్రస్తావించాలి.