ల్యాప్‌టాప్‌లో అన్నీ లావుగా కనపడుతున్నాయా? స్క్రీన్ మార్పించే ముందు ఇది చూడండి



పోయిన వారం పులివెందులలో ఇంజినీరింగ్ చదివే తమ్ముడు ఒకడు ఫోన్ చేసినాడు. "అన్నా, ల్యాప్‌టాప్‌లో అన్నీ లావుగా అయిపోయినాయి, అక్షరాలు మసకగా ఉండాయి. ప్రొద్దుటూరులో ఒక షాపులో చూపిస్తే డిస్‌ప్లే పోయింది, నాలుగున్నర వేలు అయితాది అన్నారు" అని. ప్రాజెక్ట్ ఇంకో రెండు రోజుల్లో ఇవ్వాలంట. డబ్బులేమో ఇంట్లో అడగాల.

నేను ఒకటే అడిగినా. "అబ్బీ, ఈమధ్య విండోస్ మళ్లీ వేయించినావా?"

"అవునన్నా, మొన్ననే."

సగం అక్కడే తెలిసిపోయింది. నిజంగా స్క్రీన్ పాడైతే గీతలు పడతాయి, నల్ల మచ్చలు వస్తాయి, లైటు పోతుంది. అంతేగానీ అన్నీ ఒకే లెక్కన లావు కావు. గీతలు ఉన్నా ఒక పని చేయండి. స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో చూడండి. అందులో గీతలు లేకపోతే తప్పు స్క్రీన్‌ది గానీ దాని కేబుల్‌ది గానీ అయ్యుంటుంది.

ఇప్పుడు డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి రండి. అక్కడ స్కేల్, రిజల్యూషన్ అని రెండు ఉంటాయి. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు, కాదు. స్కేల్ అంటే మీ ఫోన్‌లో డిస్‌ప్లే సైజ్ లాంటిది. అక్షరాలు, ఐకాన్లు పెద్దవో చిన్నవో అవుతాయి గానీ మామూలుగా మసక కావు. రిజల్యూషన్ అట్ల కాదు, అది స్క్రీన్‌లో ఉండే చుక్కల లెక్క. 1920 x 1080 స్క్రీన్‌లో 20 లక్షల పైన చుక్కలుంటాయి, వాటిని మనం పెంచలేం, తగ్గించలేం. దాన్ని 1366 x 768లో పెడితే ఒక్కో చుక్కను దాదాపు ఒకటిన్నర చుక్కల మీద పరచాల. సగం చుక్క అనేది లేదు కదా! అందుకే అంచులన్నీ మసకబారతాయి. రిజల్యూషన్ ఎప్పుడూ 'రికమెండెడ్' అని రాసిన దాంట్లోనే ఉంచండి. అక్షరాలు చిన్నగా అనిపిస్తే స్కేల్ 125కో 150కో పెంచుకోండి.

మన తమ్ముడికి రిజల్యూషన్ 1024 x 768 దగ్గర ఆగిపోయింది, మార్చుదామంటే మారడం లేదు. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరవమన్నా. 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉందన్నాడు. అంటే గ్రాఫిక్స్ డ్రైవర్ పడలేదు, విండోస్ తన దగ్గరున్న మామూలు డ్రైవర్‌తో నెట్టుకొస్తోంది. వైఫై కూడా రావడం లేదంటే ఫోన్‌కు కేబుల్ పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయమన్నా. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో వెతికి డ్రైవర్ వేసుకున్నాడు. రీస్టార్ట్ చేస్తే స్క్రీన్ మామూలుగా వచ్చేసింది. అరగంట పని. పైసా ఖర్చు లేదు, డేటా తప్ప.

అన్నిటికీ డ్రైవర్ కారణం కాదులెండి. జమ్మలమడుగులో మా బావకు నెట్ సెంటర్ ఉంది. అప్లికేషన్ ఫారంలో సబ్మిట్ బటన్ కనపడడం లేదని ఒకరోజు తల పట్టుకున్నాడు. మిగతావన్నీ బాగున్నాయి, ఆ ఒక్క పేజీయే పెద్దగా ఉంది. అంటే అది బ్రౌజర్ జూమ్. కంట్రోల్ పట్టుకొని సున్నా నొక్కితే సరిపోయింది.

సెమినార్‌లో ప్రొజెక్టర్ పెట్టగానే ల్యాప్‌టాప్‌లో కూడా సైజు మారిపోతే భయపడొద్దు. డూప్లికేట్ మోడ్‌లో రెండిటికీ ఒకే రిజల్యూషన్ పోతుంది కాబట్టి అట్ల అవుతుంది. విండోస్ కీతో పాటు పి నొక్కి ఎక్స్‌టెండ్ ఎంచుకోండి.

ఒకవేళ నిజంగానే స్క్రీన్ మార్పించాల్సి వస్తే, ముందు ఆ 'రికమెండెడ్' నంబర్‌ను ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. డ్రైవర్ సరిగ్గా ఉన్నప్పుడే తీయండి, లేకుంటే ఆ నంబర్‌నే నమ్మలేం. 1920 ఉన్నచోట 1366 ప్యానెల్ బిగించినా బయటికి చూస్తే తేడా తెలియదు. కొత్తది బిగించినాక షాపులోనే సెట్టింగ్స్ తెరిచి, అదే నంబర్ చూపిస్తేనే డబ్బులు ఇవ్వండి.

తమ్ముడు ప్రాజెక్ట్ ఇచ్చేసినాడంట. నిన్న మళ్లీ ఫోన్ చేసినాడు, ఈసారి సౌండ్ రావడం లేదని. అది వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.