ఒక్క ‘రన్‌’... వందల పరుగులు!

ముక్కు పరుగెడుతుంది. కుళాయి పరుగెడుతుంది. ఉతికితే చీర రంగూ పరుగెడుతుంది. వీటిలో దేనికీ కాళ్లు లేవు. అయినా ఇంగ్లిషులో ఇవన్నీ ‘రన్‌’ అవుతాయి. చదవగానే నవ్వొచ్చే ఈ సంగతి, ఇంగ్లిషు నేర్చుకునే చైనీయులకు మాత్రం పెద్ద చిక్కే.

చైనాలో బడిపిల్లలకు మూడో తరగతి నుంచే ఇంగ్లిషు చెప్పే పద్ధతిని 2001లో తీసుకొచ్చారు. మొదట్లోనే నేర్చుకునే చిన్నచిన్న మాటల్లో ‘రన్‌’ ఒకటి. దానికి చైనీస్‌లో అర్థం ‘పావ్‌’, అంటే పరుగెత్తడం. ఇంతవరకూ బాగానే ఉంటుంది. కొన్నేళ్లకు ‘షీ రన్స్‌ ఎ హోటల్‌’ అనే వాక్యం ఎదురవుతుంది. ‘పావ్‌’ ఒక్కటే తెలిసిన పిల్లాడికి ఆవిడ హోటల్‌ చుట్టూ ఎందుకు పరుగెడుతోందో ఎంతకీ అర్థం కాదు!

తెలిసిన మాటే... కానీ!

నవ్వుకుని వదిలేసే విషయమూ కాదిది. చైనాలో కాలేజీ సీటును తేల్చే పరీక్ష ‘గావ్‌కావ్‌’. అందులో చైనీస్‌, గణితాలతో సమానంగా విదేశీ భాషకూ 150 మార్కులుంటాయి. ఎక్కువమంది రాసేది ఇంగ్లిషే. 2024లో ఈ పరీక్షకు పేర్లిచ్చినవారు దాదాపు కోటీ 34 లక్షల మంది. అంతటి పోటీలో ఒక్క మాట తప్పుగా అర్థమైనా మార్కు జారిపోతుంది. తెలియని మాట వస్తే విద్యార్థి జాగ్రత్త పడతాడు. తెలుసనుకున్న మాట దగ్గరే బోల్తా పడతాడు. అందుకే అక్కడి టీచర్లు ఈ చిక్కుకు ప్రత్యేకంగా ఓ పేరే పెట్టుకున్నారు... ‘షూ త్స షెంగ్‌ యీ’. తెలిసిన మాట, తెలియని అర్థం అని!

ఆ జాబితాలో ‘రన్‌’ది పెద్దపీట. ఆక్స్‌ఫర్డ్‌ ఇంగ్లిష్‌ డిక్షనరీ 1989 నాటి రెండో కూర్పులో అత్యధిక అర్థాలున్న మాట ‘సెట్‌’. మూడో కూర్పు పనిలో ‘రన్‌’ దాన్ని దాటేసింది. నిఘంటుకారుడు పీటర్‌ గిల్లివర్‌ ఈ ఒక్క మాట మీదే తొమ్మిది నెలలు కూర్చున్నారు. క్రియగా దానికి 645 అర్థాలు తేలాయి.

ఒక్కో పనికి ఒక్కో మాట

ఇంగ్లిషువారు ఒక్క మాటతో సరిపెట్టే పనులకు చైనీయులు వేర్వేరు మాటలు వాడతారు. నది పారితే ‘లియూ’. జలుబు చేసినప్పుడూ అదే మాట. కాకపోతే కారేది ముక్కు కాదు, చీమిడి! కంప్యూటర్‌ ప్రోగ్రాం నడిస్తే ‘యున్‌షింగ్‌’. ఎన్నికల్లో నిలబడితే ‘జింగ్‌ష్వెన్‌’. ఎర్రలైటు పడినా ఆగకుండా దూసుకెళితే ‘ఛ్వాంగ్‌’. బట్ట రంగు వెలిస్తే ‘ద్యావ్‌ స’, అంటే రంగు రాలడం. బ్యాంకు మునిగిపోతుందన్న భయంతో జనం డబ్బు కోసం ఎగబడితే ‘జీ ద్వే’. అందులో తోసుకోవడం, సొమ్ము చేసుకోవడం రెండూ ఉన్నాయి.

దుకాణం సంగతి ఇంకా తమాషా. ఇంగ్లిషువాడు దాన్ని పరుగెత్తిస్తాడు. తెలుగువాడు నింపాదిగా నడుపుతాడు. చైనీయుడు ‘కాయ్‌’ అంటాడు, అంటే తెరుస్తాడు. కారు నడపడానికీ వాళ్లకు ఆ ‘కాయ్‌’ మాటే!

మరి 645 అర్థాలనూ బట్టీ పట్టాల్సిందేనా? అక్కర్లేదు. ‘రన్‌’ అనగానే కాళ్లకు బదులు, ఓ దారి వెంట ఆగకుండా సాగిపోవడాన్ని ఊహించుకుంటే చాలు. నది అలాగే సాగుతుంది, యంత్రమూ అంతే. రైలూ, నాటకమూ, ప్రోగ్రామూ అదే దారి. వ్యాపారమైతే, దాన్ని అలా సాగేలా చూడటం. పాలు వాడగా వాడగా అయిపోతే ‘రన్‌ అవుట్‌’. విడివిడిగా కనిపించే అర్థాలు చాలావరకూ ఒక తీగకు కాసిన కాయలేనని తెలిశాక సగం భయం పోతుంది.

వాళ్ల ‘దా’... మన ‘కొట్టు’

నిజానికి ఈ విద్య చైనీయులకు కొత్తేమీ కాదు. వాళ్ల భాషలో ‘దా’ అంటే కొట్టడం. కానీ ఫోన్‌ చేయడం, గొడుగు పట్టడం, స్వెటర్‌ అల్లడం, నీళ్లు పట్టుకురావడం, ఆవులించడం... అన్నీ ‘దా’లే! పదకొండో శతాబ్దపు పండితుడు ఔయాంగ్‌ శ్యూ దీని మీద అప్పుడే విసుక్కున్నాడు. పెద్దాచిన్నా తేడా లేకుండా జనమంతా ఈ మాటను అడ్డదిడ్డంగా వాడేస్తున్నారని ‘గ్వేతియన్‌ లూ’ అనే పుస్తకంలో రాశాడు. వెయ్యేళ్లు కావస్తున్నా ‘దా’ జోరు తగ్గలేదు.

తెలుగువారికి ఇది ఇట్టే అర్థమవుతుంది. మనమూ ఫోన్‌ కొడతాం. చప్పట్లు కొడతాం, ఈత కొడతాం, గోడకు సున్నం కొడతాం. సినిమా బాగోకపోతే బోరు కొడుతుంది. సరుకులు తెచ్చుకునే చోటూ కొట్టే! మన పిల్లలెవరూ వీటిని జాబితా రాసుకుని నేర్చుకోలేదు. ఇంట్లో వింటూ, అంటూ పట్టేశారు. ‘రన్‌’నైనా అలా వాక్యాల్లో వింటూ నేర్చుకోవడమే తేలిక.

646వ అర్థం!

ఇంతకీ ఈ కథలో కొసమెరుపు చైనీయులదే. వాళ్ల భాషలో ‘రువెన్‌’ అని పలికే ఓ అక్షరం ఉంది. తేమ, నిగారింపు అని దాని అర్థం. రోమన్‌ లిపిలో రాస్తే అచ్చం ఇంగ్లిషు ‘రన్‌’ స్పెల్లింగే. 2022లో కొవిడ్‌ కట్టడి కోసం దాదాపు రెండున్నర కోట్ల జనాభా ఉన్న షాంఘైని సుమారు రెండు నెలలు మూసేశారు. ఇళ్లలో చిక్కుకుపోయిన యువత నోట అప్పుడు ఆ అక్షరం బాగా నానింది. దేశం వదిలి వెళ్లిపోవడమని దానికి కొత్త అర్థం వచ్చింది. ఎలా వెళ్లాలో చర్చించుకోవడానికి ‘రువెన్‌ శ్వే’, అంటే ‘రన్‌ శాస్త్రం’ అని పేరూ పెట్టారు.

బడిలో తికమక పెట్టిన మాటే పెద్దయ్యాక మనసులో మాట చెప్పుకోవడానికి అక్కరకొచ్చింది. పరాయి మాటకు సొంత అర్థం ఇవ్వగలిగాక అదిక పరాయిదెలా అవుతుంది?