టర్బో కారులో గాలి ఎక్కడ పోతోంది?



ఆమధ్య మా డీజిలు కారులో కృష్ణగిరి నుంచి హొసూరుకు వస్తున్నాం. ఎక్కుడు దారిలో బండి లాగడం మానేసింది. వెనుక నల్లని పొగ, బానెట్ కింద ఈల వేసినట్టు చప్పుడు. మొదట చూసిన మెకానిక్ "టర్బో పోయింది, మార్చాలి" అన్నాడు. వేలకు వేలు ఖర్చు. మరోచోట ఒక పెద్దాయన అరగంట పరీక్షించి, రబ్బరు గొట్టం మీది క్లిప్పు వదులైందని తేల్చారు. ఆ పరీక్ష గురించీ, అందులోని ప్రమాదాల గురించీ ఈ పూట చెప్పుకుందాం.

ఇంజను వదిలే పొగ టర్బోలోని ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం ఫిల్టరు నుంచి గాలిని పీల్చి, నొక్కి, ఇంజనుకు పంపుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది కనుక, దారిలో ఇంటర్‌కూలర్ దాన్ని చల్లబరుస్తుంది. టర్బో తరువాత ఎక్కడైనా సందుంటే నొక్కిన గాలి బయటికి పోతుంది. గాలి చాలక డీజిలు సరిగా మండదు. అందుకే నల్లపొగ. టర్బోకు ముందు సందుంటే ఇంకా చేటు. వడకట్టని దుమ్ము లోపలికి పోయి, టర్బో రెక్కలనూ ఇంజనునూ అరగదీస్తుంది.

సైకిల్ ట్యూబుకు పంక్చరు ఎలా పట్టుకుంటారు? గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు చూస్తారు. ఇక్కడా అంతే. తొట్టికి బదులు సబ్బునీళ్లు.

ముందుగా ఇంజను ఆపి, పూర్తిగా చల్లారనివ్వాలి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి, ఎందుకంటే కొన్ని కార్లలో ఇంజను ఆపినా ఫ్యాను తిరగవచ్చు. తరువాత గొట్టాల అడుగు భాగాలు తడిమి చూడండి. చీలిక, రాపిడి గుర్తు, నూనెతో కలిసి అంటుకున్న మురికి కనిపిస్తే, సగం జవాబు దొరికినట్టే.

ఇక గాలి పరీక్ష. టర్బోలోకి గాలి వెళ్లే మూతి దగ్గర గొట్టం ఊడదీసి, టైరు వాల్వు ఉన్న బిరడా పెట్టి, క్లిప్పుతో గట్టిగా బిగిస్తారు. ఇంజను ఆవిరి వచ్చే బ్రీదర్ గొట్టం కూడా ఈ దారిలోనే కలుస్తుంది. దాన్ని విడదీసి, ఆ రంధ్రం మూయాలి. లేకపోతే గాలి ఇంజను అడుగుకు చేరి, ఆయిల్ సీళ్లను తోసేస్తుంది.

గాలి ఎంత కొట్టాలి? ఇదే అసలు సంగతి. కారు టైరులో దాదాపు 30 పౌండ్లు ఉంటుంది. ఇక్కడ 5 పౌండ్లతో మొదలుపెట్టి, మెల్లగా 10 దాకా వెళితే చాలు. ఒక లెక్క వేద్దాం. మూడంగుళాల వెడల్పు బిరడా వైశాల్యం సుమారు 7 చదరపు అంగుళాలు. 10 పౌండ్ల గాలి దాన్ని 70 పౌండ్ల బలంతో, అంటే 32 కిలోల బరువంత తోస్తుంది. గ్యారేజీ కంప్రెసరును అదుపు లేకుండా తెరిచి 100 పౌండ్లు పంపితే అది 320 కిలోలు, ఆరు సిమెంటు బస్తాల బరువు! ఆ బిరడా ఊడి ముఖానికి తగిలితే ఏమవుతుందో ఆలోచించండి. అందుకే రెగ్యులేటరు, ముల్లు చూపే మీటరు తప్పనిసరి. కళ్లద్దాలు పెట్టుకోండి. బిరడాకు ఎదురుగా నిలబడకండి.

ఇప్పుడు ప్రతి అతుకు మీదా సబ్బునీళ్లు కుంచెతో పూయండి. బుడగలు వచ్చిన చోటే దొంగ. ఇంజను వాల్వుల గుండా కొంత గాలి పోతుంది కనుక, మీటరు ముల్లు మెల్లగా దిగితే కంగారు పడనక్కరలేదు. గాలంతా వదిలి, ముల్లు సున్నాకు వచ్చాకే బిరడా విప్పండి. వదులైన క్లిప్పు బిగించవచ్చు. చీలిన గొట్టాన్ని మార్చాల్సిందే, టేపు చుట్టి సరిపెట్టకండి.

చేయకూడనివి రెండు. నడుస్తున్న ఇంజను మీద పెట్రోలుగానీ మండే స్ప్రేగానీ చల్లి సందు వెదకవద్దు, నిప్పు అంటుకుంటుంది. నడిచే టర్బో మూతి దగ్గర చెయ్యి, గుడ్డ పెట్టవద్దు. ఆ రెక్కలు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగలవు.

గాలిని తమిళంలో కాట్రు అన్నా, కన్నడంలో గాళి అన్నా, సందు దొరికితే అది ఆగదు. టర్బో మార్చాలని ఎవరైనా చెబితే, ముందు ఈ పరీక్ష చేయించమని అడగండి. దగ్గరుండి, మీటరు మీద కన్నేసి ఉంచండి.