నడుమునొప్పికి సూదిచికిత్స: పరీక్షలు తెలుపునదేమి?

నడుమునొప్పి యెరుగని సేద్యగాడు అరుదు. దినమంతయు వంగి నాట్లు వేయు స్త్రీలకును, ధాన్యపు బస్తాలెత్తు కూలీలకును, మందుకొట్టు పంపును వీపున మోయువారికిని ఇది చిరపరిచితమైన బాధ. 2020 సంవత్సరమున ప్రపంచమందు 61 కోట్ల 90 లక్షలమంది దీనికి లోనైయుండిరని అంచనా. ఈ బాధకు చీనాదేశమున బుట్టిన ఆక్యుపంక్చర్ అను సూదిచికిత్స నేడు మన పట్టణములలోను లభించుచున్నది. సన్నని సూదులను శరీరమున నిర్ణీత స్థానములందు గ్రుచ్చి, కొంతసేపుంచి తీయుదురు. ఇది ఒక్కనాటితో ముగియునది కాదు. పలుమారులు పోవలెను, పోయినప్పుడెల్ల రుసుము చెల్లింపవలెను. కావున చేతిలోని సొమ్ము వెచ్చించుటకు పూర్వము, దీనిని గూర్చి జరిగిన పరీక్షలేమి తెలుపుచున్నవో సభ్యులు తెలిసికొనుట అవసరము.

క్రొత్త యెరువును పరీక్షించునపుడు మనమేమి చేయుదుము? ఒకే చేనిలో ఒక మడికి ఎరువు వేసి, ప్రక్క మడికి వేయక విడుతుము. ఆ రెండవ మడి లేనిచో పంట పెరిగినది ఎరువువలననో, వానవలననో చెప్పజాలము. నడుమునొప్పి విషయమునను ఇంతే. క్రొత్తగా వచ్చిన నొప్పి పెక్కుమందికి కొన్ని వారములలో తనంతట తానే తగ్గును. ఆ సమయమున ఏ చికిత్స జరుగుచుండినను ఘనత దానికే దక్కును. "నాకు తగ్గినది" అని ఒకరు చెప్పుమాట ప్రక్క మడి లేని పంట వంటిది.

ఇందు మరియొక చిక్కు కలదు. ఎరువు వేసిన సంగతి మడికి తెలియదు. సూది గ్రుచ్చిన సంగతి మనుష్యునికి తెలియును. చికిత్సకుని ఆదరణ, తగ్గునను నమ్మకము కూడ నొప్పిని కొంత తగ్గించును. అందువలన పరీక్షకులు మూడవ మడిని కల్పించిరి. అదియే ఉత్తుత్తి సూది. రోగి మాత్రము దానిని నిజమైన చికిత్సయనియే యెంచును.

ఇట్టి పరీక్షలలో పెద్దది జర్మనీ దేశమున జరిగి, 2007లో ప్రకటింపబడినది. సగటున ఎనిమిదేండ్లుగా నడుమునొప్పితో బాధపడుచున్న 1162 మందిని మూడు తెగలుగా విభజించిరి. మొదటి తెగకు చీనా పద్ధతి ననుసరించి సరియైన స్థానములందు సూదులు వేసిరి. రెండవ తెగకు ఆ స్థానములు కాని చోట్ల, పైపైన మాత్రమే గ్రుచ్చిరి. మూడవ తెగకు మందులు, అంగమర్దనము, వ్యాయామము మొదలగు వాడుక చికిత్స చేసిరి. ఆరుమాసముల పిమ్మట చూడగా, నిర్ణీతమైన మేర గుణము కనబడినవారు మొదటి తెగలో నూటికి 47.6, రెండవ తెగలో 44.2, మూడవ తెగలో 27.4 మంది.

అమెరికాలో 638 మందిపై జరిగిన పరీక్ష 2009లో వెలువడినది. అందు ఒక తెగకు సూది గ్రుచ్చనే లేదు. గొట్టములోనుండి పండ్లు కుట్టుకొను పుల్లతో చర్మమును తాకించి త్రిప్పిరి. వారికిని నిజమైన సూది పొందినవారికిని కలిగిన మేలు ఇంచుమించు సమానమే. వాడుక చికిత్స మాత్రమే పొందినవారికంటె ఆ ఇరువురికిని ఎక్కువ మేలు కలిగెను.

ఈ లెక్కలను పైపైన చూచినవారు రెండు విధముల పొరబడుదురు. "సూది వట్టిది" యనుట ఒక పొరబాటు. వాడుక చికిత్సతో పోల్చిన, సూదివారికి హెచ్చుమేలే కలిగినది. "ప్రాచీనులు చెప్పిన స్థానములందే మహిమ కలద"నుట రెండవ పొరబాటు. స్థానము తప్పినను, సూది దిగకున్నను మేలు దాదాపు అంతయే. వాడుక చికిత్స పొందినవారికి తమకు సూది దక్కలేదని తెలియును. ఆ నిరాశయు లెక్కలో కొంత చేరియుండవచ్చును.

ఏ మడితో పోల్చవలెనను ప్రశ్నవద్దనే పెద్ద సంస్థలును విడిపోయినవి. బ్రిటనులో వైద్యమార్గములను నిర్ణయించు నైస్ అను సంస్థ 2009లో ఈ చికిత్సను సూచించి, ఉత్తుత్తి సూదితో పోల్చి చూచి, 2016లో వలదనెను. అమెరికా వైద్యుల కళాశాల 2017లో మందులు లేని చికిత్సలలో దీనిని చేర్చెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలపు నడుమునొప్పికి వాడదగిన చికిత్సలలో దీనికి షరతులతో చోటిచ్చెను.

ఇక మనకు పనికివచ్చు సంగతి. నొప్పి క్రొత్తదైనచో మంచము పట్టవలదు. ఓర్చుకొనగలిగినంత మేర నడచుచు, తేలికపనులు చేసికొనుచుండవలెను. మూడుమాసములు దాటిన నొప్పికి వ్యాయామము ముఖ్యము. దానితోపాటు సూదిచికిత్సను పరీక్షింపదలచినవారు శిక్షణ పొందినవాని యొద్దకే పోవలెను. ఒకరికి వాడిన సూదిని మరియొకరికి వాడినచో కామెర్లు కలిగించు కాలేయవ్యాధి అంటుకొనును. కావున క్రొత్త సూదిపొట్లము మీ కన్నులయెదుట విప్పుమని అడుగుడు. ఎన్నిమారులు రావలెనో, మొత్తమెంతయగునో ముందే తెలిసికొనుడు. కొన్నిమారులకు గుణము కానరానిచో మానివేయుడు. దీనికై అప్పు చేయవలదు, పశువు నమ్మవలదు.

కాళ్లు బలహీనపడినను, మలమూత్రములు వశము తప్పినను, తొడలనడుమ స్పర్శ పోయినను ఏ సూదికిని పోక, ఆ దినముననే పెద్ద ఆసుపత్రికి చేరుడు. జ్వరముతోను, చిక్కిపోవుటతోను కూడిన నడుమునొప్పి వెన్నెముకకు సోకిన క్షయ కావచ్చును. చెట్టునుండియో బండినుండియో పడిన పిమ్మట వచ్చిన నొప్పికి ఎముక విరిగియుండవచ్చును. ఇవియు వైద్యుడు చూడవలసినవే.