సి కంపైలర్‌లో జంప్ స్టేట్‌మెంట్ల పరీక్ష: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సి భాషలోని జంప్ స్టేట్‌మెంట్లను కంపైలర్ సరిగా అనువదిస్తున్నదని నిర్ధారించడానికి తుది ఫలితం ఒక్కటే చాలదు. ప్రోగ్రామ్ నడిచిన దారిని నమోదు చేయాలనీ, తిరస్కరించవలసిన ప్రోగ్రామ్‌లను కూడా పరీక్షలో చేర్చాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సి భాష, కంపైలర్, గోటో, పరీక్ష, ఆప్టిమైజేషన్.

1. ఉపోద్ఘాతం

సి ప్రమాణం గోటో, కంటిన్యూ, బ్రేక్, రిటర్న్ అనే నాలుగింటిని జంప్ స్టేట్‌మెంట్లుగా పేర్కొన్నది. గోటోను విమర్శిస్తూ డైక్‌స్ట్రా లేఖ 1968లో వెలువడింది. అయినా లైనక్స్ కెర్నల్‌లో లోపం ఎదురైనప్పుడు వనరులను విడుదల చేయడానికి గోటోను నేటికీ వాడుతున్నారు. ఈ అనువాదంలో కంపైలర్ పొరబడితే, ప్రోగ్రామర్ తన రచనలో లేని దోషం కోసం అందులోనే వెతకవలసి వస్తుంది.

2. గమ్యమూ దారీ

డూ-వైల్ లూప్‌లో కంటిన్యూ నియంత్రణను లూప్ మొదటికి కాక, షరతు పరీక్షకు చేరుస్తుంది. షరతు సున్న అయి, లూప్‌లో కంటిన్యూ మాత్రమే ఉంటే అది ఒక్కసారే నడవాలి. కంపైలర్ పొరపాటున మొదటికి పంపితే లూప్ అనంతమవుతుంది. ఫర్ లూప్‌లోనైతే కంటిన్యూ తరువాత మూడవ వ్యక్తీకరణ నడవాలి. లూప్ లోపలి స్విచ్‌లో బ్రేక్ స్విచ్‌ను మాత్రమే ముగిస్తుంది. కంటిన్యూ లూప్‌కు చెందుతుంది.

ఒక్కొక్క భాగంలో ప్రవేశించినప్పుడు దాని సంఖ్యను కూడుతూ పోతే 1, 3, 4 అనే దారికీ 1, 4, 3 అనే దారికీ 8 వస్తుంది. అలా కాక పాత విలువను పదితో గుణించి కూడితే 134, 143 వస్తాయి. దారి తప్పినది వెంటనే తెలుస్తుంది.

3. అంగీకారమూ తిరస్కారమూ

లూప్, స్విచ్‌ల వెలుపలి బ్రేక్‌కూ, మరో ఫంక్షన్‌లోని లేబుల్‌కు వెళ్లే గోటోకూ కంపైలర్ కనీసం ఒక దోషసూచన ఇవ్వాలి. కాలానుగుణ పరిమాణం గల శ్రేణి పరిధిలోకి బయటి నుండి దూకడమూ నిషిద్ధమే. అయితే సాధారణ చలరాశి ప్రారంభ విలువను దాటి దూకడాన్ని సి అనుమతిస్తుంది, సి ప్లస్ ప్లస్ అనుమతించదు. కనుక సరైన సి ప్రోగ్రామ్‌ను తిరస్కరించడం కూడా దోషమే. అటువంటి చలరాశికి ముందుగా విలువనిచ్చిన తరువాతే పరీక్షలో దానిని చదవాలి.

4. ఆప్టిమైజేషన్ ప్రభావం

ఆప్టిమైజేషన్ దశలో కంపైలర్ భాగాలను కలుపుతుంది, తొలగిస్తుంది, స్థానం మారుస్తుంది. అందువల్ల ఒకే పరీక్షను వేర్వేరు స్థాయిల్లో నడిపి ఫలితాలను పోల్చాలి. యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు సీస్మిత్ అనే సాధనంతో యాదృచ్ఛిక ప్రోగ్రామ్‌లు సృష్టించి, అనేక కంపైలర్ల ఫలితాలను పోల్చారు. ఈ విధంగా 325కు పైగా కొత్త దోషాలను గుర్తించినట్లు 2011లో ప్రకటించారు. కాని అన్ని కంపైలర్లూ ఒకే విధంగా పొరబడితే పోలిక దానిని పట్టలేదు. కనుక ఆశించిన విలువను ప్రమాణం ఆధారంగా ముందే లెక్కించుకోవాలి.

5. ముగింపు

2014లో ఆపిల్ సాఫ్ట్‌వేర్‌లో ఒక గోటో వరుసగా రెండుసార్లు పడడంతో డిజిటల్ సంతకపు తనిఖీ జరగకుండా పోయింది. అక్కడ కంపైలర్ రాసినదానినే అనువదించింది, దోషం ప్రోగ్రామ్‌ది. ఈ రెండు రకాల దోషాలను వేరుచేసి చూపడమే పరీక్ష ప్రయోజనం. జీసీసీ ఉచితంగా లభిస్తుంది గనుక, రావులపాలెం వంటి పట్టణాల కళాశాలల్లోనూ ఈ పరీక్షలను విద్యార్థుల చేత రాయించవచ్చు.